వియన్నా చూసొచ్చిన సారు

విదేశాల్లో కొడుకు దగ్గర కొన్నాళ్ళుండి వచ్చిన రిటైర్డు సార్లకు నంద్యాలలో కొదవ లేదు. అమెరికా పోయొచ్చినాయన రోడ్ల గురించి చెప్తాడు, విని ఊరుకోవచ్చు. వియన్నా పోయొచ్చినాయన కాఫీ గురించి చెప్తాడు, అదీ శ్రీనివాస సెంటర్లో టీ అంగడి బెంచీ మీద కూర్చుని.

"నీళ్ళేవప్పా?"

"డ్రమ్ములో ఉండాయి సార్, ముంచుకోండి."

సారు నిట్టూరుస్తాడు. అక్కడ కాఫీ అడిగితే వెండి పళ్ళెంలో వస్తుంది, పక్కనే గ్లాసుడు నీళ్ళు. పాలరాతి బల్లలు, కర్రకు బిగించిన పేపర్లు. 1876లో తెరిచిన కఫే సెంట్రల్లో ట్రాట్‌స్కీ చదరంగం ఆడుతూ కూర్చునేవాడు. ఇంతవరకు చెప్పి, గోడ మీది 'ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు' బోర్డు వైపు జాలిగా చూస్తాడు. అక్కడా ఇదే బోర్డు ఉండుంటే రష్యా చరిత్ర ఏమయ్యేదని ఆయన బాధ.

గ్లాసులో కాఫీ పోసి పైన చిలికిన మీగడ వేసే ఐన్‌ష్పెన్నర్ గురించి కూడా చెప్పాడు. అంగట్లో టీ మాస్టరు శ్రద్ధగా విని, టీ మీద ఇంత మీగడ తేల్చి, పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. మళ్ళీ ఆ ఊసు లేదు.

ఆయనకు అసలు నచ్చింది వేరే. ఒక్క కాఫీతో పొద్దుగూకేదాకా కూర్చున్నా అక్కడ లెమ్మనరు. ఆ కాఫీ హౌసుల సంస్కృతి 2011లో ఆస్ట్రియా యునెస్కో జాతీయ వారసత్వ జాబితాకెక్కింది. సారు వన్ బై టూ టీతో ఏళ్ళ తరబడి చేస్తున్నదీ అదే. నిన్నటిదాకా పనీపాటా లేకపోవడం, ఇప్పుడు వారసత్వం! ఇంట్లో అమ్మగారు మాత్రం ఈ జాబితాను ఇంకా ఆమోదించలేదు.

ఆళ్ళగడ్డలో వియ్యంకుడింటికి పోయినప్పుడు వ్యవహారం ముదిరింది. వియన్నాలో సర్వరును 'హెర్ ఓబర్' అని పిలవాలి. టీ కొట్టు ముందు సారు గొంతెత్తి "ఓబర్!" అన్నాడు. అహోబిలం పక్కనున్న ఊరాయె, ఓబులేసులు ముగ్గురు తిరిగి చూశారు. ఒకాయన వచ్చి పక్కన కూర్చుని, తన టీ డబ్బులు కూడా ఈయనతోనే కట్టించి పోయాడు.

అక్కణ్ణుంచి నేరుగా శిల్పుల దగ్గరికి. రాతి బొమ్మలకు పేరుమోసిన ఊరు కదా, సారుకు మనసులో ఒకటుంది. కఫే సెంట్రల్‌నే తన చిరునామాగా ఇచ్చిన రచయిత పీటర్ ఆల్టెన్‌బెర్గ్ బొమ్మ ఇప్పటికీ ఆ గుమ్మంలో బల్ల ముందు కూర్చుని ఉంటుంది.

"దేవుడిదా, నాయకుడిదా సార్?"

"రోజూ వచ్చే గిరాకీది."

శిల్పి ఉలి కింద పెట్టాడు. "పోయినాయన ఫొటో ఉంటే ఇయ్యండి."

"పోలేదప్పా, నేనే!"

ఈ సంగతి నంద్యాల టీ అంగడాయనకు చేరింది. నవ్వుతాడనుకున్నాం. "చేపియ్యండి సార్, సగం ఖర్చు నేను పెట్టుకుంటా" అన్నాడు. "బయట చెట్టు కింద పెడదాం. ఇంగ ఆ మూల బెంచీ గిరాకీకి వదులుతారా?"