నీడిల్ మీద నేరం

నేను ఫ్లోట్ నీడిల్‌ని. పాత సీడీ 100 కార్బొరేటర్ అడుగున ఉండే గిన్నెలో, ఫ్లోట్‌ని పట్టుకుని బతుకుతాను. ఈ రకం బండి 1985లో మన రోడ్ల మీదికి వచ్చింది. నేను మాత్రం మొన్నమొన్ననే రిపేర్ కిట్ ప్యాకెట్లోంచి వచ్చాను.

నాది కాపలా ఉద్యోగం. ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. మధ్యలో పంపేమీ లేదు, పెట్రోలు తన బరువుకు తానే దిగివస్తుంది. గిన్నె నిండేకొద్దీ ఫ్లోట్ తేలి నన్ను పైకి నెడుతుంది. నా మొన సీటులో కూర్చుని దారి మూసేస్తుంది. ఇంజన్ తాగేకొద్దీ ఫ్లోట్ దిగుతుంది, దాంతోపాటు నేనూ దిగుతాను. మొనకీ సీటుకీ నడుమ చిన్న నలుసు పడితే చాలు, దారి పూర్తిగా మూసుకోదు. గిన్నె పొంగి, ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు నేలపాలవుతుంది.

నాకు ముందున్న నీడిల్‌ని ఈ నేరానికే తీసి పారేశారు. నేను వచ్చిన కొత్తలోనే మళ్లీ బండి కింద తడి. బండి యజమాని మాస్టారు దాన్ని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకొచ్చి, "కొత్త నీడిలూ పోయిందా మేస్త్రీ?" అని అడిగారు.

మేస్త్రీ వెంటనే నా జోలికి రాలేదు. ముందు పక్కవాడి చేత బీడీ ఆర్పించాడు. పెట్రోలు ట్యాప్ కట్టేస్తే కారడం ఆగింది. మళ్లీ తిప్పి, స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెని మెల్లగా తట్టాడు. కారడం కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది. "ఏదో అడ్డం పడుతోంది మాస్టారూ" అంటూ డ్రెయిన్ స్క్రూ వదులుచేసి పెట్రోలు గాజుగ్లాసులోకి పట్టాడు. అడుగున ఎర్రటి పొడి పేరుకుంది.

గిన్నె విప్పి, ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపాడు. లోపల చప్పుడు లేదు, చిల్లు పడలేదన్నమాట. దాని ఎత్తు కొలిచాడు, సరిగ్గానే ఉంది. తర్వాత నా మొన మీద గోరు పోనిచ్చాడు. అరిగిన నీడిల్‌కి అక్కడ చుట్టూ గాడి తగులుతుంది. నాకు తగల్లేదు.

"దోషం దీనిది కాదు, పైన చూద్దాం" అని ట్యాంకు మూత తీసి టార్చి వేశాడు. అడుగంతా తుప్పు! బండి నెలల తరబడి సగం ట్యాంకుతో వరండాలో పడి ఉంది. ఖాళీ చోట చెమ్మ పట్టింది. పైగా ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ కూడా తేమను లాక్కుంటుంది. ట్యాప్‌లోని జాలీ చినిగిపోవడంతో తుప్పు నేరుగా నా నెత్తికెక్కింది.

డిప్‌స్టిక్ వాసన చూసి మేస్త్రీ మొహం మాడ్చాడు. పైపులోంచి పోయింది పోగా మిగిలిన పెట్రోలు ఇంజన్లోకి దిగి ఆయిల్లో కలిసింది. మట్టం పెరిగింది, ఆయిల్ పలచబడింది. "ఇలాగే నడిపితే ఇంజన్ పట్టేస్తుంది" అన్నాడు.

ట్యాంకు కడిగారు, జాలీ మార్చారు, దారిలో ఒక ఫిల్టర్ పెట్టారు, సీటు తుడిచారు, ఆయిల్ కొత్తది పోశారు. నన్ను మాత్రం మార్చలేదు. కారడం ఆగింది.

2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపు ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కి మారాయి, అక్కడ మాకు పని లేదు. పాత బండ్లున్నవాళ్లకి ఒక్కటే మనవి: బండి ఆపిన రాత్రి ట్యాప్ కట్టండి. నేను అరిగిపోయిననాడు నిక్షేపంగా మార్చండి. కాకపోతే గాడి చూపించి మరీ మార్చండి.