ఒక ముద్దకు ఎన్ని ఫైళ్లు?

మా బాబాయి దగ్గర నాలుగు ప్లాస్టిక్ ఫైళ్లున్నాయి. గుండెకి ఎర్రది, కడుపుకి ఆకుపచ్చది, ఊపిరితిత్తులకి నీలంది, నరాలకి పసుపుది. రంగులు పిన్ని ఎంపిక. ఒక డాక్టరు దగ్గరికి పొరపాటున ఇంకో డాక్టరు ఫైలు పట్టుకెళితే, ఆయన దాన్ని తెరవకుండానే పక్కకి జరుపుతాడట. శరీరాన్ని అన్నదమ్ముల పొలంలా గట్లు వేసి పంచుకోవడం వైద్యానికి అవసరమే కావచ్చు. చిక్కల్లా ఆ గట్ల సంగతి లోపలున్నవాళ్లెవరికీ తెలియకపోవడమే.

ఈమధ్య భీమవరంలో ఒక పెళ్లికి వెళ్లాం. నేల మీద చాపలు పరిచి విస్తట్లోనే భోజనం పెట్టాలని పెళ్లికూతురి తాతగారి పట్టుదల. బాబాయి పక్కన నేను, అవతల పిన్ని, ఆవిడ ఒళ్లో ఫైళ్ల సంచి.

విస్తట్లో ఇంకా ఉప్పు తప్ప ఏమీ పడలేదు. బంతికి అటు చివర నెయ్యి గిన్నె కదిలింది. అంతే, బాబాయి గుటక వేశాడు. వాసన ముక్కుకి తగిలీ తగలగానే మెదడు నోట్లో నీళ్లు ఊరించింది. అక్కడితో ఊరుకుందా, వేగస్ అనే పొడుగాటి నాడి మీదుగా కడుపుకీ కబురు పెట్టి, ఆమ్లం సిద్ధం చేయించింది. నెయ్యి రావడానికి ఇంకా పది విస్తళ్లు దాటాలి! ఈ ముందస్తు ఏర్పాట్లనే కుక్కల్లో ఓపిగ్గా గమనించిన పావ్లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది. లోకం ఆయన్ని గంట కొట్టినందుకు గుర్తుపెట్టుకుంది గానీ, బహుమతి ఇచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పనికే.

ముద్దపప్పులో ఆవకాయ కలిపాడు బాబాయి. కారం నిజానికి రుచి కాదు, మంట. నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాలు కొన్నున్నాయి. మిరపలోని కాప్సైసిన్ సరిగ్గా వాటినే తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నాడు. నాలుక 'నిప్పంటుకుంది మొర్రో' అంటుంది, మెదడు విచారణ లేకుండా నమ్మేస్తుంది. చల్లార్చడానికి చెమట, కడగడానికి కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు. బాబాయి బట్టతల నిండా చెమట బొట్లు లేచాయి. కండువాతో తుడుచుకుని, "ఆవకాయంటే ఇదిరా!" అన్నాడు. చర్మానికి ఇంకా ఫైలు తెరవలేదు కాబట్టి ఈ సంఘటన ఎక్కడా నమోదు కాలేదు.

అసలు గొడవ సాంబారు దగ్గర మొదలైంది. గాలికీ అన్నానికీ దేవుడు గొంతులో ఒకే దారి పెట్టాడు. ఇంజినీరింగ్ చదివిన ఏ కుర్రాడూ ఇలా కట్టడు. ముద్ద మింగే ప్రతిసారీ స్వరపేటిక పైకి లేవాలి, కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి ముక్కు దారి మూయాలి, ఉపజిహ్విక మూతలా వాలాలి, స్వరతంత్రులు దగ్గరికి రావాలి, ఊపిరి సెకను అటూ ఇటూగా ఆగాలి. ఇంత కట్టుదిట్టం జరుగుతుండగా, సరిగ్గా ఆ సెకనులోనే, బాబాయి పెళ్లికొడుకు జీతం ఎంతని అడగబోయాడు.

పొలమారింది.

ఒక్క మెతుకు దారి తప్పితే ఎన్ని శాఖలు పరుగెత్తుకొస్తాయో అప్పుడు చూడాలి. ఛాతీ గాలి పీల్చింది, స్వరతంత్రులు తలుపు బిగించాయి, పొట్ట కండరాలు లోపల్నుంచి నొక్కాయి, తలుపు ఫెళ్లున తెరుచుకుంది. పిన్ని నడినెత్తిన తడుతూ, "ఎవరో తలుచుకుంటున్నారండీ" అంది. "అప్పిచ్చినవాడై ఉంటాడు" అన్నారు ఎదుటి వరసలోంచి ఎవరో. నెత్తికీ శ్వాసనాళానికీ ఏ సంబంధమూ లేదు. పని చేసింది దగ్గు, పేరు పిన్నికి.

తేరుకున్నాక పూర్ణం బూరెలు వచ్చాయి. కడుపు మొండిది కాదు, పడేకొద్దీ సడలి లీటరుకు పైగానే చోటిస్తుంది. ఇక చాలన్న మాట పేగుల హార్మోన్లు మోసుకెళ్లి మెదడుకి విన్నవించేసరికి కాస్త సమయం పడుతుంది. వడ్డించేవాళ్లకి ఇది పుట్టుకతో తెలుసు. ఆ సందులో మూడు బూరెలు పడ్డాయి.

ఇక లేవాలి. అప్పటికే జీర్ణం కోసం పేగులకి రక్తం ఎక్కువగా పోతోంది. దానికితోడు కింద కూర్చున్న మనిషి నిలబడితే అరలీటరుకు పైగా రక్తం దిగువకి జారుతుంది. మెడ ధమనుల్లోని కాపలాదార్లు ఒత్తిడి తగ్గిందని మెదడుకి చెబితే, అది గుండెని తొందరపెట్టి, రక్తనాళాల్ని బిగిస్తుంది. వయసు మీద పడితే ఈ కబుర్లు నెమ్మదిస్తాయి, పొద్దున వేసుకున్న బీపీ మాత్ర తన వంతు సాయం చేస్తుంది. బాబాయి కళ్లు బైర్లు కమ్మి స్తంభం పట్టుకున్నాడు.

పిన్ని సంచి తెరిచింది. "ఏ ఫైలు తీయనండీ?"

కడుపు నిండటం ఆకుపచ్చ, గుండె చాలకపోవడం ఎరుపు, కబురు ఆలస్యం పసుపు. నాలుగోదాన్నీ వదలడం న్యాయం కాదు. ఎందుకంటే స్తంభం దగ్గర్నుంచి చేతులు కడుక్కునే చోటికి నడవాలన్నా కండరాలకి ఏటీపీ అనే ఇంధనం కావాలి. దానికి పేగులు పంపిన చక్కెర, ఊపిరితిత్తులు పంపిన ప్రాణవాయువు, రెంటినీ మోసే రక్తం, చక్కెరని లోపలికి రానిచ్చే ఇన్సులిన్, అందరూ చెయ్యి వేయాలి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి కండరంలోంచి వేరుచేసి చూపిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ భీమవరంలోనే పుట్టారు. ఆ మాట చెబితే బాబాయి, "ముందు నన్ను పట్టుకోరా" అన్నాడు.

పట్టుకున్నాను. నాలుగడుగులు వేశాడో లేదో మొహం మారింది. కడుపు సాగితే పెద్దపేగు కదులుతుంది. పైన కొత్త సరుకు దిగింది, కింద గోదాము ఖాళీ చెయ్యమని దానికి హుకుం. "ఒరేయ్, బాత్రూం ఎటు?" అన్నాడు రహస్యంగా.

కల్యాణమండపం వెనక్కి తీసుకెళ్లాను. మా బంతిలో సగం మంది అక్కడ అప్పటికే వరసలో నిలబడి ఉన్నారు, ఇందాక విస్తళ్ల ముందు కూర్చున్న క్రమం కూడా పెద్దగా చెడకుండా.