ఒట్టు తీసి బంకు మీద పెట్టు

హైవే పక్కన మూతబడ్డ పెట్రోలు బంకు కనబడితే ఫొటో తీసుకుని ‘పాపం’ అనేసి వెళ్లిపోకండి. దిగి చూడండి. పంపులు తుప్పుపట్టి నిలబడి ఉంటాయి. గొట్టాలు ఎవరో కోసుకుపోయి ఉంటారు. ధరల బోర్డులో రూపాయలు రాలిపోయి పైసలే మిగిలుంటాయి. ‘గాలి ఉచితం’ అన్న రాత మాత్రం చెక్కుచెదరదు. ఇప్పటికీ అమల్లో ఉన్న హామీ అదొక్కటే. ట్యాంకు మూతల చుట్టూ సర్కారు తుమ్మ ఏపుగా పెరిగి ఉంటుంది. ప్రైవేటు బంకులో ఇంకేం మొలుస్తుంది?

2002 ఏప్రిల్ 1 నుంచి పెట్రోలు, డీజిలు ధరల జోలికి రామని కేంద్రం ఒట్టేసింది. నమ్మినవాళ్లు హైవేల వెంట బంకులు కట్టారు. ముడిచమురు భగ్గుమనగానే ఢిల్లీ ఒట్టు తీసి గట్టుమీద పెట్టింది. ప్రభుత్వ కంపెనీల చేత నష్టానికి అమ్మించింది. చవక బంకు ఎదురుగా ఉండగా ఖరీదైన బంకులోకి ఏ లారీ తిరుగుతుంది? 2008లో రిలయన్స్ దాదాపు 1,400 బంకులకు తాళం వేసింది.

మరి ప్రభుత్వ కంపెనీల నష్టమో? ‘తర్వాత తీరుస్తాం’ అంటూ చమురు బాండ్లు రాసిచ్చారు. ధర పెంచితే ఓటరుకు కోపం. అప్పుచేస్తే ఓటరు పిల్లలకు కోపం, వాళ్లకింకా ఓటు లేదు కదా! ఆ బాండ్ల గడువు 2026 దాకా సాగింది. ఆనాడు బడికెళ్లిన పిల్లలే పెద్దయ్యి పన్నులు కట్టి వాటిని తీర్చారు.

2010లో పెట్రోలుకు, 2014లో డీజిలుకు మళ్లీ స్వేచ్ఛ ప్రకటించారు. ముడిచమురు చవకైతే ఆ లాభాన్ని ఎక్సైజు సుంకం మింగింది. అదేమంటే పాత బాండ్ల వైపు వేలు చూపారు. 2017 నుంచి ధర రోజూ మారుతుందన్నారు. 2021 నవంబరు నుంచి, ఉత్తరప్రదేశ్ ఫలితాలొచ్చేదాకా నాలుగు నెలలకు పైగా అది కదల్లేదు. ఎన్నికల కోడ్‌ను మార్కెట్ అంత నిష్ఠగా పాటించడం ప్రపంచంలో మరెక్కడా ఉండదు! ఆ తర్వాత కొన్నాళ్లు పెంచి, మళ్లీ ధరలు బిగించేశారు. నష్టం భరించలేక ప్రైవేటు బంకులు అమ్మకాలు తగ్గిస్తే, 2022 జూన్‌లో కొత్త ఆజ్ఞ దిగింది: లైసెన్సు తీసుకున్నాక అన్ని బంకుల్లోనూ అమ్మి తీరాలి. మూసుకునే స్వేచ్ఛ కూడా పోయింది.

కనుక ఆ శిథిలాన్ని కూల్చకండి. పొలం తాకట్టు పెట్టి బంకు తెరుద్దామనుకునే కుర్రాణ్ణి ముందు అక్కడికి తీసుకెళ్లండి. ధర మార్కెట్టే తేలుస్తుందని ఎవరైనా చెబితే, ఎన్నికలెప్పుడో కనుక్కుని మరీ సంతకం పెట్టమనండి.