డిస్కు కొండెక్కింది

తిరుపతిలో పుట్టినోడికి కొండెక్కడం కొత్తగాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, మోకాళ్ల పర్వతం దగ్గర ఎవరికి ఎంత ఆయాసం వస్తుందో కూడా లెక్క తెలుసు. అయితే దీపం కొండెక్కితే మాత్రం అర్థం వేరు. లినక్సులో డిస్కును తెరవడాన్ని ‘మౌంట్’ అంటారు, అంటే కొండెక్కించడమే. ఏ అర్థంలో ఎక్కుతుందో ఎక్కించేదాకా తెలీదు.

దీనంతటికీ మూలం మా మేనత్త. “అల్లుడా, మీ మామ గంగమ్మ జాతరలో ఆడవేషం కట్టిన ఫోటో నీ కంప్యూటర్లో ఉండాది గదా, తీయి. మనవరాలికి చూపించాల” అనింది. 2005 నాటి ఫోటో, అప్పటి 40 జీబీ డిస్కులో ఉంది. పేపరు వెనకనుంచి మామ “యాడుంటాదిలే, ఈపాటికి పాడైపోయుంటాది” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది ఆశ అని నాకప్పుడు తట్టలేదు.

ముందురోజే సిస్టం అప్‌గ్రేడ్ చేసి ఉన్నాను. స్విచ్ వేస్తే నల్లతెర, దానిమీద లెక్కపెట్టుకుంటూ 90 సెకన్ల నిరీక్షణ. క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు తలుపు తీస్తారేమోనని చూసినట్టు చూశాను. తీయలేదు. ఎమర్జెన్సీ మోడ్ అంటూ నన్ను బయటికి నెట్టింది.

తప్పు పేరులో ఉంది. 2005లో ఆ డిస్కు పేరు హెచ్‌డీబీ. అడాప్టర్ తగిలించి యూఎస్‌బీలో పెట్టాక ఎస్‌డీబీ అయింది, ఏ డిస్కును ఎక్కించాలో సిస్టంకు చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో అదే రాసుకున్నాను. అప్‌గ్రేడ్ తర్వాత ఆ పేరు కార్డు రీడరు కొట్టేసి, మనవాణ్ణి ఎస్‌డీసీ చేసింది. ఇందులో ఆశ్చర్యపోయేదేం లేదు. మా కొర్లగుంట ఇల్లు గజం కూడా జరగలేదు, 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది. అందుకే పేరును నమ్మకుండా యూయూఐడీ రాయాలి. అది డిస్కుకు ఆధార్ లాంటిది. మనకు 12 అంకెలైతే దానికి 32 అక్షరాలు.

ఆధార్ చూపించినా దర్శనం కాలేదు. ‘రైజర్‌ఎఫ్‌ఎస్ అంటే ఎవరో నాకు తెలీదు’ అనింది సిస్టం. తెలీకపోవడమేంది? 2006 దాకా సూసే లినక్సు ఏరికోరి పెట్టుకున్న ఫైల్ సిస్టం అది, నా డిస్కులో ఉన్నదీ అదే. రాసినాయన హాన్స్ రైజర్, దానికి తన పేరే పెట్టుకున్నాడు. 2008లో భార్యను చంపిన కేసులో శిక్ష పడి జైలుకు పోయాడు. తర్వాత దాన్ని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. 2022లోనే తీసేస్తామని చెప్పి, 2025 జనవరిలో వచ్చిన 6.13 లినక్సు కెర్నల్లోంచి నిజంగానే తీసేశారు. నేనేమో ఆ హెచ్చరికను కరెంటు బిల్లు వెనకాల రాసిన సూచనల్లాగా చదివాను.

సరే, పక్కింటబ్బాయి విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే అది ఒకటే మాట: ఫార్మాట్ చేయమంటారా? చుట్టం వచ్చి వాకిట్లో నిలబడితే, ఆయన భాష అర్థం కాలేదని గుండు కొట్టించమంటారా అన్నట్టుంది. గుండు మాకు కొత్తగాదు, కానీ మొక్కుకున్నోడికే కదా కొట్టాలి! ఆ అబ్బాయి వేలు ‘ఫార్మాట్’ మీదికి పోతుంటే చెయ్యి పట్టుకుని లాగాను.

చివరికి బీరువాలో పాత లినక్సు లైవ్ పెన్‌డ్రైవ్ దొరికింది, అయిదేళ్ల నాటి కెర్నల్‌తో. దానికి రైజర్ బాగా తెలుసు. అయినా తొందరపడలేదు. ముందు డిస్కు మొత్తానికి ఒక నకలు తీసుకున్నాను. రెండు కాఫీలు అయిపోయాయి. ఆ నకలును రీడ్ ఓన్లీగా ఎక్కించాను. అంటే గర్భగుడి ముందర మాదిరి, కళ్లారా చూసుకోవచ్చు గానీ చెయ్యి పెట్టకూడదు.

ఎక్కింది! ‘జాతర’ అనే ఫోల్డరు, అందులో మామ. వాలుజడ, జడనిండా పూలు, చేతులకు గాజులు, నెమలికంఠం రంగు పట్టుచీర. మనవరాలు చప్పట్లు కొట్టింది. అత్త మాత్రం నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగింది. అంచును పెద్దది చేసి చూపించమనింది. చేశాను.

“ఇది నా పెండ్లిచీర గదా! చాకలోడు పోగొట్టినాడంటివే?”

ఇరవై ఏళ్లుగా ఆ చాకలికి మా అత్త ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టలేదు. మామ పేపరు మడిచి, నా చెవి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“అల్లుడా, ఆ డిస్కును మళ్లీ కొండెక్కించు. ఈ తూరి దీపం ఎక్కినట్టు.”