బంధువు కారు అప్పుకు జామీను పడే విధానం

విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టిన కాలం నుంచీ తమిళదేశంలో స్థిరపడుతూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగునూ వీధిలో తమిళాన్నీ నిలుపుకుంటూ, వ్యవసాయం నుంచి మిల్లులకూ పంపుల తయారీకీ సాగిన దారిలో లెక్కల్లో గట్టివారనే పేరు తెచ్చుకున్నాయి. అయితే కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లోని ఈ కుటుంబాలు నిత్యం ఆచరిస్తున్నా ఇంతవరకు క్రమపద్ధతిలో వివరింపబడని విద్య ఒకటి మిగిలి ఉంది. అది బంధువు కొనే కారు అప్పుకు జామీను పడటం. ఆ లోటు పూరించడానికే కింది మెట్లు ఇవ్వబడ్డాయి.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 126వ సెక్షన్‌లో, ఈ వ్యవహారానికి ముగ్గురిని గుర్తిస్తుంది: అప్పు ఇచ్చే రుణదాత, తీసుకునే అసలు రుణగ్రస్తుడు, అతడు కట్టకపోతే తాను కడతానని మాట ఇచ్చే పూచీదారు. ఒప్పందంలో వేరుగా రాసుకోని పక్షంలో పూచీదారు బాధ్యత రుణగ్రస్తుని బాధ్యతతో సమానమని 128వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండు సెక్షన్లనూ సంతకానికి ముందు చదవకపోవడం ఈ విద్యకు తొలి అర్హత.

మొదటి మెట్టు, బంధువును ఎంచుకోవడం. మేనరికాలు తరతరాలుగా సాగిన ఇళ్లలో అక్క కొడుకే అల్లుడు కూడా అయ్యే అవకాశం ఉంది కనుక, అలాంటివాడు దొరికితే వదలరాదు. అతనికి కాదని చెప్పడమంటే అక్కకూ కూతురికీ వియ్యంకులకూ ఒకేసారి కాదని చెప్పడమే కాబట్టి ఆలోచించే శ్రమ తప్పుతుంది. అతడు సొంత వర్క్‌షాపు నడుపుతూ, ఆదాయం నెలనెలా మారుతూ, పన్ను రిటర్నులో మాత్రం ఎప్పుడూ తక్కువగా కనబడేవాడైతే మరీ శ్రేష్ఠం. జీతం చీటీ గల మేనమామ అవసరం ఫైనాన్స్ సంస్థకు అప్పుడే కలుగుతుంది.

రెండవ మెట్టు, కారు ఎందుకని అడగకపోవడం. అడిగితే జి. డి. నాయుడు పేరు వినబడుతుంది. కోయంబత్తూరు జిల్లా తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించిన మాట వాస్తవమే. ఆ బస్సు రోజూ టిక్కెట్ల డబ్బు తెచ్చేదనీ, అల్లుడు కొనబోయే కారు పెట్రోలు బిల్లు మాత్రమే తెస్తుందనీ ఆ సమయంలో గుర్తు చేయడం మర్యాద కాదు.

మూడవ మెట్టు, సంతకం. అడగడం తెలుగులో జరుగుతుంది: "మామా, ఒక్క సంతకమే గదా." కాఫీ తాగుతూ ఏజెంటు తమిళంలో మాట్లాడతాడు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంటుంది. పేజీల అడుగున పెన్సిలుతో పెట్టిన గుర్తుల దగ్గర సంతకం చేస్తూ పోవాలే గాని పైనున్నది చూడరాదు. ఏజెంటు బొటనవేలితో కాగితాలు తిప్పే వేగం అందుకు ఎంతో సహకరిస్తుంది. రుణదాత తన చేతిలోని హామీ ఆస్తిని పూచీదారు సమ్మతి లేకుండా వదులుకుంటే, ఆ విలువ మేరకు పూచీదారుకు విముక్తి కలుగుతుందని 141వ సెక్షన్ చెబుతుంది. అలాంటి హక్కులను వదులుకుంటున్నట్లు పూచీదారుచేతనే రాయించుకునే పేరా సాధారణంగా ఆ పేజీల్లోనే ఎక్కడో ఉంటుంది. ఖాళీగా వదిలిన గడులను తరువాత నింపుకోమనడం ఔదార్యానికి పరాకాష్ఠ.

నాలుగవ మెట్టు, మరచిపోవడం. కారు ఆర్‌సీలో యజమానిగా అల్లుని పేరు ఉంటుంది, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం తాకట్టుదారుగా ఫైనాన్స్ సంస్థ పేరు చేరుతుంది, మామ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అది ఉండేది సిబిల్ నివేదికలో. రుణ చరిత్రను 300 నుంచి 900 వరకు గల స్కోరుగా చూపే ఆ నివేదికలో అల్లుడు ఎగవేసిన వాయిదాలు మామ ఖాతాకూ మచ్చగా చేరవచ్చు. కిస్తీలు కడుతున్నాడో లేదో కనుక్కోవడం అనుమానించినట్లవుతుంది కాబట్టి, కూతురి చదువుకు తానే అప్పు కోసం వెళ్లి మేనేజరు ముందు కూర్చునే రోజు వరకు ఆగడం ఉత్తమం.

అయిదవ మెట్టు, నోటీసు. బాకీ 90 రోజులు దాటితే దాన్ని నిరర్థక ఆస్తిగా, అంటే వసూలు సందేహాస్పదమైన అప్పుగా, లెక్కిస్తారు. ముందు అల్లుణ్ణి పట్టుకోండని మామ వాదించవచ్చు. ఆ వాదాన్ని బ్యాంక్ ఆఫ్ బిహార్, దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే తోసిపుచ్చింది; అసలు రుణగ్రస్తునిపై అన్ని మార్గాలూ అయిపోయేదాకా రుణదాత ఆగనక్కరలేదు. కారును వేలం వేసినా, వచ్చిన సొమ్ము బాకీకి చాలకపోతే ఆ తరుగు కూడా మామదే.

ఆరవ మెట్టు, తిరిగి రాబట్టుకోవడం. బాకీ తీర్చిన పూచీదారుకు రుణదాత హక్కులన్నీ కాంట్రాక్టు చట్టం 140వ సెక్షన్ ప్రకారం సంక్రమిస్తాయి, కట్టిన సొమ్మును రుణగ్రస్తుని నుంచి రాబట్టుకునే హక్కు 145వ సెక్షన్ ఇస్తుంది. అంటే సొంత కూతురి భర్తపై దావా వేసి, పండుగకు అతణ్ణి ఇంటికి పిలిచి కొత్త బట్టలు పెట్టే సంపూర్ణ అధికారం మామకు చట్టబద్ధంగా లభిస్తుంది.

ఈ విద్యను ప్రాచీనులు ప్రోత్సహించలేదన్నది గమనార్హం. విజ్ఞానేశ్వరుడు మితాక్షర పేరుతో వ్యాఖ్యానించిన యాజ్ఞవల్క్య స్మృతి, ఉమ్మడిగా ఉన్న అన్నదమ్ముల మధ్య, భార్యాభర్తల మధ్య, తండ్రీకొడుకుల మధ్య పూచీకత్తును అంగీకరించలేదు. పూచీని మనిషిని హాజరుపరచడానికి, నమ్మకానికి, చెల్లింపుకు అని మూడుగా విభజించి, చెల్లింపుకు పూచీపడినవాడు చనిపోతే ఆ భారం కొడుకులపై పడుతుందని కూడా చెప్పింది. ఆ వ్యాఖ్యను ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగులో రచించాడు గనుక, ఈ ధర్మశాస్త్రం తెలుగువారికి అందలేదనడానికి వీలు లేదు.

అందువల్ల ఈ మెట్లన్నీ ఎక్కదలచినవారు మొదట ఒక లెక్క చేయాలి: మొత్తం అప్పును తానొక్కడే కట్టినా ఇల్లు గడిచి, ఆ బంధువుతో మాట మిగిలేటట్లుంటే సంతకం చేయవచ్చు. ఆ రెంటిలో ఏ ఒక్కటి లేకున్నా, చేతనైనంత సొమ్మును డౌన్ పేమెంటుకు కానుకగా ఇచ్చి, కలాన్ని జేబులోనే ఉంచుకోవడం మంచిది.