సర్టిఫికెట్ బావ

సూరత్ లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు వింటూ పెరిగిన తెలుగువాళ్లలో ఇంటికొకడు కాకున్నా వీధికొకడు సర్టిఫికెట్ బావ తప్పకుండా ఉంటాడు. గోడ మీద భక్త మార్కండేయుడి పటం, దాని పక్కనే అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఫ్రేము. స్వామి చిరంజీవి, ఫ్రేముకు ఆయుష్షు మూడేళ్లు. సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏదీ అదే జాతకం. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ అయితే ఏడాదికే రెన్యువల్. కాబట్టి పెళ్లి పందిట్లోనూ బావకు ఒక చెవిలో బ్యాండుమేళం, రెండో చెవిలో క్లౌడ్ పాఠం. ఆయన ఈమెయిల్‌లో విషయం రెండు లైన్లు, పేరు కింద బిరుదులు ఆరు లైన్లు. ‘డిగ్రీల ఏమున్నది, అంతా పాత సిలబస్’ అని తీసిపారేస్తాడు.

మాటలో నిజం లేకపోలేదు. డిగ్రీకి గడువు తేదీ లేదు గనక, అందులో చదివింది ఎంత మిగిలిందని ఎవరూ అడగరు. పైగా 1961లో పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎస్‌వీఎన్ఐటీ, ఈ ఊళ్లోనే ఉన్నా, సాంచాల కూలీ మీద నడిచే ఇంటికి జేఈఈ కోచింగే ఒక అప్పు. నాలుగేళ్లు జీతం లేకుండా ఆగలేని పిల్లాడు పక్కదారి వెతుక్కుంటే వెక్కిరించడానికి నోరు రాదు.

చిక్కల్లా బావ కాగితాన్నే పనితనం అనుకోవడంలో ఉంది. రెడ్‌హ్యాట్ లైనక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో మెషీన్ ముందు కూచోబెట్టి పని చేయించి మార్కులేస్తారు. అలాంటి పరీక్ష పేరెత్తితే బావకు జ్వరం. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే పరీక్షలంటేనే ఆయనకిష్టం, డంపులు, అంటే బయటికి పొక్కిన ప్రశ్నలు, బట్టీ కొట్టి గట్టెక్కొచ్చు గనక. కంపెనీలు సర్టిఫికెట్లు అడుగుతున్నాయి కదా అంటారా? అడుగుతాయి, కానీ చాలాచోట్ల డిగ్రీ గడి నింపి వడపోత దాటినవాణ్ని. బావ కలగనే అమెరికా సంగతి మరీ విచిత్రం. హెచ్-1బీ వీసాకి బ్యాచిలర్ డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ ఉండాలి. లేనివాడికి మూడేళ్ల అనుభవాన్ని ఒక్క ఏడాది చదువుగా కడతారు. నాలుగేళ్ల డిగ్రీకి పన్నెండేళ్ల కొలువన్నమాట! పని చేసుకుంటూనే ఇగ్నోలో బీసీఏ కట్టొచ్చు గదా అంటే బావ కళ్లు తేలేస్తాడు. ‘మూడేండ్లా? ఆ లోపల ఇంకో తొమ్మిది కొడతా!’