నీహార విహారానికి టీకా తాత్పర్యం

మూలం: "గ్రీష్మమున డౌన్ ఈస్ట్ జలాల విహరించితిమి. నీహార యవనిక మాటున రేవు రేవునా తీరము మాకు దర్శనమొసగెను."

బోస్టన్ వాస్తవ్యులైన మా బావగారు కుటుంబ వాట్సాప్ గ్రూపులో వెలువరించిన వాక్యద్వయం ఇది. కింద ఒక లైట్‌హౌస్ ఫొటో. బంధువులంతా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ పడవలో నేనూ ఉన్నాను, పైగా ముప్పై ఏళ్లు పిల్లలకు ఛందస్సు చెప్పినవాణ్ణి. కాబట్టి వ్యాఖ్యాన భారం నా మీద పడింది.

గ్రీష్మమున: స్పష్టం. స్వెటరు మీద రెయిన్‌కోటు, దాని మీద లైఫ్ జాకెట్ తొడుక్కున్న గ్రీష్మం.

డౌన్ ఈస్ట్ జలాల: మేం వెళ్లింది మెయిన్ రాష్ట్రానికి. మ్యాపులో అది బోస్టన్‌కు ఈశాన్యాన, పైన ఉంటుంది. పైనున్నది 'డౌన్' ఎలా అవుతుందని పూర్వపక్షం. సమాధానం: ఇది మ్యాపు చూసి పెట్టిన పేరు కాదు, గాలి చూసి పెట్టింది. వేసవిలో అక్కడ వీచేది నైరుతి గాలి. తెరచాప ఓడల కాలంలో బోస్టన్‌లో లంగరెత్తినవాడు గాలివాలున తూర్పుకు జారిపోయేవాడు. గోదావరి మీద లాంచీవాళ్లు ఏటివాలు చూసి 'దిగువ' అన్నట్టే, వీళ్లు గాలివాలు చూసి 'డౌన్' అన్నారు. తిరిగి రావడం ఎదురుగాలి గనుక, దక్షిణానికి దిగుతూ కూడా 'అప్ టు బోస్టన్' అంటారు. బావగారి వాక్యంలో చెమటోడ్చి పుట్టిన మాట ఇదొక్కటే. అది ఆయనది కాదు.

విహరించితిమి: బహువచనం విచార్యం. పడవ వారానికి అద్దెది, కెప్టెనూ అద్దెకే వచ్చాడు. చుక్కాని పట్టింది కెప్టెన్, తాళ్లు లాగింది కెప్టెన్. విహరించింది బావగారు. నా చేతికి హారనిచ్చి కూర్చోబెట్టారు.

నీహార: నైరుతి నుంచి వచ్చే వెచ్చని తేమగాలి ఆ తీరపు చన్నీళ్ల మీద చల్లబడి పొగమంచవుతుంది. ఆటుపోట్లు అడుగునీళ్లను పైకి కలియబెడుతుంటాయి గనుక జూలైలోనూ సముద్రం వేడెక్కదు. అంటే, పడవను మోసుకుపోయే గాలే కళ్లకు గంతలు కడుతుంది.

కనబడని చోట వినబడాలి. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నిబంధనల ప్రకారం మంచులో తెరచాప పడవ రెండు నిమిషాలు దాటకుండా ఒక దీర్ఘనాదం, వెంటనే రెండు హ్రస్వనాదాలు చేయాలి. గురువు, లఘువు, లఘువు. భగణం! మొదటిసారి ఊదినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. భగణం ఇంద్రగణాల్లోది, మేఘాలకు దొర ఇంద్రుడు. మబ్బులాంటి మంచులో ఇంతకన్నా ఔచిత్యం ఏముంటుంది? ఇంజను మీద సాగే నౌకకు ఒకే గురువు. ఇంజనుండీ లంగరు వేయకుండా నీళ్ల మీద ఆగిపోయినదానికి రెండు. ఇక ఇంజను వెనక్కి తిప్పుతున్నానని చెప్పాలంటే మూడు లఘువులు, అనగా నగణం. అది సూర్యగణం. పడవలు ఒకదానికొకటి కనబడేటప్పుడే దాన్ని ఊదాలట, సూర్యగణం మరి! ఈ లెక్కన ఉత్పలమాల తెరచాప ఎత్తి బయల్దేరుతుంది, చంపకమాల రివర్సులో బయల్దేరుతుంది. దోషం ఒకటుంది. మన గురువుకు రెండు మాత్రలు, ప్లుతానికైనా మూడే. ఇక్కడ లఘువు ఒక సెకను, గురువు నాలుగు నుంచి ఆరు. ఇంత బరువైన గురువును ఏ లాక్షణికుడూ ఒప్పుకోడు. మూడోనాడు భ, ర, న అంటూ ఉత్పలమాల పాదమంతా ఊదబోయాను. నగణం చేరేసరికి కెప్టెన్ హారను లాక్కున్నాడు. అవతల మంచులోంచి ఎవరో ఏ గణానికీ చెందని కేక వేశారు.

ఎక్కడున్నాం? రేవు రేవునా: ఆమ్రేడితం. మెయిన్ తీరం సూటిగా కొలిస్తే 228 మైళ్లు. ప్రతి వంపునూ, దీవినీ చుట్టి కొలిస్తే 3,478. రేవులకు లోటు లేదు. దారి పొడుగునా నీళ్ల మీద రంగు బంతులు తేలుతుంటాయి. ఒక్కో బంతి కింద తాడు, తాడు చివర లాబ్‌స్టర్ బోను. ఏ జాలరి రంగులు ఆ జాలరివి. రాష్ట్ర చట్టం ఒక్కొక్కరికి 800 బోన్ల దాకా ఒప్పుకుంటుంది. స్టోనింగ్‌టన్ దగ్గర ఒక తాడు మా ప్రొపెల్లరుకు చుట్టుకుంది. "ఈ చెత్తంతా ఎవడు పడేశాడు?" అన్నారు బావగారు. కెప్టెన్ ఇంజను ఆపి, బోర్లా పడుకుని, కొక్కెంకర్రతో అరగంట సేపు ఆ తాడు విప్పాడు. కత్తి మొలలోనే ఉంది, తీయలేదు. తాడు తెగితే బోను అడుగునే ఉండిపోతుంది.

టీకా కాసేపు పక్కన పెడతాను. బావగారూ, అది చెత్త కాదు. దాని మీద ఒక ఇంటివాళ్లు అన్నం తింటున్నారు. మీరు యవనిక, యవనిక అంటున్న ఆ మంచులోనే ఆ జాలరి తెల్లారకముందు నుంచి బోన్లు లాగుతున్నాడు. మన పక్కనుంచి పోతూ చెయ్యి ఊపాడు కూడా. మీరు చూడలేదు, ఫోనులో విశేషణాలు వెతుక్కుంటున్నారు.

దర్శనమొసగెను: ఇక్కడ పాఠాంతరం ఉంది. బావగారు ఆ రాత్రే మా అక్కకు ఫోనులో చెప్పిన పాఠం: "ఏమీ కనబళ్లేదే, రొంప పట్టింది." వ్యాఖ్యాతకు ఈ పాఠమే సమ్మతం. మరి ఫొటోలో లైట్‌హౌస్ మాటేమిటని శంక. కింద కుడిమూల వేళ్లతో పెద్దది చేసి చూడండి. గడులు కనిపిస్తాయి, వాటిలో అంకెలు. అది పడవ గదిలో తగిలించిన క్యాలెండరు, జూన్ నెల పేజీ. మేం వెళ్లింది జూలైలో.